సాయంత్రపు కాళ్ళ సాక్ష్యం

బస్సు గోతిలో పడి ఇరుసు విరిగింది. డ్రైవరు దాని కిందకి దూరి, చాలాసేపు తనలో తాను గొణుక్కుని, ఒంటినిండా గ్రీజుతో బయటికొచ్చి, ఇవాళ్టికి ఇది కదలదని తేల్చేశాడు. ప్రయాణికులు రెండు జట్లుగా విడిపోయారు. తిట్టదలుచుకున్నవాళ్ళు నీడ చూసుకుని కూర్చున్నారు. తక్కినవాళ్ళం నడిచాం. పట్నం ఇంకా నాలుగు మైళ్ళు.

వంద గజాలు నడిచానో లేదో వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది.

"అన్నగారూ, మీ ఎడమ బూటు మడమ బయటివైపు అరిగిపోయింది. మెట్లు దిగేటప్పుడు ఆ మోకాలు పీకుతూ ఉండాలే?"

ఆగి చూశాను. అరవైకి కాస్త ఇవతల ఉంటుంది. సన్నగా, నిటారుగా ఉంది. చంకలో తాడుతో కట్టిన అట్టపెట్టె. ఆమె నా ముఖం వైపు చూడటం లేదు, నా కాళ్ళనే చూస్తోంది. మోకాలి మాట నిజమే. దాని మీద ఇద్దరు డాక్టర్లు నాకు రెండు రకాల నూనెలు రాసిచ్చారు గాని బూటు ఎత్తి చూసినవాడు ఒక్కడూ లేడు. నువ్వేమైనా వైద్యం చేస్తావా చెల్లెమ్మా అని అడిగాను.

"ఆ పిలుపు వద్దండి. అక్కా అనండి. ఫ్యాక్టరీలో ముసలివాళ్ళు కూడా అలాగే అనేవాళ్ళు."

అలా డెబ్భై రెండేళ్ళ వయసులో నాకొక అక్క దొరికింది. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. దారిలో దొరికే చుట్టరికాలకి లెక్కలు చూడకూడదని నేను ఎప్పుడో అనుకున్నాను, కాబట్టి సరే అన్నాను.

నాలుగు మైళ్ళలో ఆమె చెప్పింది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె ఉద్యోగం నడవడం. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక బూట్ల ఫ్యాక్టరీలో అదే చేసింది. పంతొమ్మిదో ఏట కుట్టుమిషను పనికి వెళితే, మేస్త్రీ ఆమె కాలు చూసి మిషను మీంచి లేవమన్నాడట. బూట్ల ఫ్యాక్టరీలో కొత్త నమూనా ఏదైనా ముందు ఒకే కొలతలో చేస్తారు. మిగతా కొలతలన్నీ దాన్నిబట్టి పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతారు. ఆ ఒక్క కొలతకి అచ్చు గుద్దినట్టు సరిపోయే కాలు ఫ్యాక్టరీకి ఎంతో అవసరం. ఆమెది ఆ కాలు. అప్పటినుంచి, కిటికీల పక్కన నలభై అడుగుల పొడుగు వసారాలో సుద్దగీత మీద అటూ ఇటూ నడవడం, నడిచాక బూటు గురించి గుమాస్తాకి చెప్పడం. పేరు కూడా నడకమ్మ అనే స్థిరపడింది. పొరుగింటి ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళట: రోజంతా నడుస్తుంది, ఎక్కడికీ వెళ్ళదు అని. మొగుడైతే, ఇంట్లో నాలుగడుగులు వేసి మంచినీళ్ళు తెమ్మంటే యూనియన్‌ని అడగాలంటుంది అనేవాడట.

అది తేలిక పని అనుకుంటే పొరపాటే. కళ్ళు మూసుకుని నాలుగడుగులు వేస్తే చాలు, మడమ దారప్పోగంత ఎత్తు పెరిగినా చెప్పేసేది. చిటికెనవేలి దగ్గర బిగుతును బట్టి ఏ కుట్టుమనిషి చేతిదో చెప్పేది. ఇది విన్నప్పుడు నాకు ఎక్కడో చదివిన సంగతి గుర్తొచ్చింది. రెండు వందల ఏళ్ళ కిందటి దాకా చాలా దేశాల్లో కుడికాలికీ ఎడమకాలికీ ఒకే రకం బూటు చేసేవాళ్ళు. కుడీ ఎడమా తేడా లేదు. కొన్నాళ్ళు తొడిగాక కాలే దాన్ని దారికి తెచ్చుకునేది, లేదా అదే కాలిని దారికి తెచ్చేది. సైన్యాలు ఆ బూట్లతోనే రాజ్యాలు దాటి నడిచాయి. ఆ సిపాయిలను నడక గురించి అడిగినవాళ్ళు ఉన్నారా అని నేను అంటే, ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అడిగే ఉంటారు. రాసుకునేవాడు ఇంకోటి రాసుకునుంటాడు," అంది. ఆ మాటలో ఎంత విషం ఉందో నాకు అప్పటికి తెలియదు.

ఆమె పనిలో చేరిన పదిహేనేళ్ళకి వంపు సారు వచ్చాడు. బూట్లకి రూపం గీసేవాడు. గీసినవన్నీ అడుగున వంపు తిరిగి ఉండేవి కాబట్టి పనివాళ్ళు పెట్టిన పేరు. చదువుకున్నవాడు, తెలివైనవాడు. ఆ మాట ఆమె పళ్ళు బిగించి అయినా ఒప్పుకుంది. తనతోపాటు ఒక యంత్రం తెచ్చాడు. ఆమె పిక్కల మీద, చీలమండ పైన చిన్న చిన్న బిళ్ళలు అంటించేవాడు. వాటినుంచి తీగలు. ఆమె నడుస్తుంటే కాగితం మీద గీతలు పరిగెత్తేవి. కండ ఎంత గట్టిగా లాగితే గీత అంత ఎత్తు లేచేది. అంతకుముందు అందరూ ఆమె నోటిని అడిగేవాళ్ళు, ఈయన కాళ్ళనే నేరుగా అడుగుతున్నాడు. మొదట్లో ఆమెకి అది గౌరవంగానే అనిపించింది. పదకొండేళ్ళు ఆయన ఆమె కాళ్ళ దగ్గర వంగి కూర్చున్నాడు. తల ఎత్తి ముఖం చూసిన రోజు మాత్రం ఆమెకి గుర్తులేదు.

ఆ యంత్రంతో ఒక చిక్కుంది. చెమట పడితే బిళ్ళలు ఊడిపోతాయి. అందుకని పరీక్షలన్నీ పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి పదిలోపల ముగించేవాళ్ళు. ఒక్కో జతకి ఇరవై నిమిషాలు, పొడినేల మీద. ఫ్యాక్టరీలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. పాత తోలు కోత మేస్త్రీ ఒక్కడే ఆమెతో అనేవాడట: "పొద్దుటి కాలు వేరు, సాయంత్రం కాలు వేరు. సాయంత్రానికి పాదం పొంగుతుంది, కండ సోలుతుంది. కొలత ఇవ్వాల్సింది సాయంత్రం కాలే." ఆ యంత్రం సాయంత్రం కాలిని ఒక్కసారి కూడా చూడలేదు.

అప్పుడు ఊయల జోడు వచ్చింది. అది కూడా పనివాళ్ళు పెట్టిన పేరే. దాని అడుగు పడవలా ముందూ వెనకా పైకి లేచి ఉంటుంది, మడమ కింద మెత్తటి దిండు. వేసుకుని నిలబడితే ఒంటికి నిలకడ ఉండదు. వెంట్రుకవాసి ముందుకి ఊగుతావు, పిక్క వెనక్కి లాగుతుంది. వెనక్కి ఊగుతావు, ముందువైపు కండ లాగుతుంది. కాగితం మీద గీతలు ఆకాశానికి లేచాయి. వంపు సారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడట. ఊరికే నిలబడ్డవాళ్ళకి కూడా వ్యాయామం, రోజంతా నిలబడే దుకాణాలవాళ్ళకీ ఆసుపత్రులవాళ్ళకీ ఇంతకన్నా వరం ఏముంది అన్నాడు.

నడకమ్మకి అనుమానం వచ్చింది. సెలవురోజున ఆ జత ఇంటికి పట్టుకెళ్ళి పొద్దుటినుంచి వేసుకుంది. వంట, బట్టలు, ఇస్త్రీ, అన్నీ నిలబడే చేసింది. నాలుగో గంటకి పిక్కలు వణికాయి. ఎనిమిదో గంటకి ఇంకోటి జరిగింది. ఒళ్ళు ఊగుతోంది, కండ లాగుతోంది, కాని ఆలస్యంగా లాగుతోంది. అరక్షణం. నీళ్ళ బకెట్టుతో తిరిగేసరికి ఆ అరక్షణంలోనే గడప మీద పడబోయి తలుపు పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి సారుకి చెప్పింది. "సార్, కండలు పని చెయ్యట్లేదు, భయపడుతున్నాయి. పడిపోతామన్న భయంతో పట్టుకుంటున్నాయి. సాయంత్రానికి ఆ భయం కూడా అలిసిపోతుంది. అప్పుడు పట్టుకునేవాళ్ళుండరు."

ఆయన నవ్వాడట. మిషను కన్నా నీకు ఎక్కువ తెలుసా అమ్మా అని, బిళ్ళలు అంటించడం మొదలుపెట్టాడట.

జోడు బజారుకి వెళ్ళింది. దాంతోపాటు ఒక రంగుల కరపత్రం. అందులో మోకాళ్ళనుంచి కిందకి ఆమె కాళ్ళ ఫొటో, కింద రెండు ముక్కలు: ఇరవై ఐదేళ్ళు దాటిన అనుభవమున్న నడకమనిషి రోజంతా వేసుకుని చూసింది, అలసట లేదని చెప్పింది. మొదటి ముక్క ఆమెది. రెండోది సారుది.

రోడ్డు పక్కన రాళ్ళ గుట్టలు దాటి అర మైలు వెళ్ళాక, పెట్టె ఒక చంకనుంచి రెండో చంకకి మార్చుకుని చెల్లెలి గురించి చెప్పింది.

చెల్లెలు వేరే ఊళ్ళో ఆసుపత్రి ఆయా. అక్కడ ఆయాలందరికీ ఊయల జోళ్ళు కొనిచ్చారు. కరపత్రంలో చీలమండ పైన కాలిన మచ్చ చూసి చెల్లెలు గుర్తుపట్టింది. పట్టక ఏం చేస్తుంది, చిన్నప్పుడు ఇస్త్రీపెట్టె ఆ కాలు మీద జారవిడిచింది తనే. ఆ కాగితం బీరువా తలుపుకి అంటించుకుని, ఇవి మా అక్క కాళ్ళు అని వచ్చినవాళ్ళకల్లా చూపించిందట. బూట్లు కాళ్ళకి వణుకు పుట్టిస్తే, అక్క ఏమీ కాదంది కదా, నాకే అలవాటు కాలేదు అనుకుందట. పన్నెండు గంటల డ్యూటీలో పదకొండో గంట. అప్పుడే తుడిచిన నడవా. రెండు చేతుల్లో రోగుల గిన్నెలు. తుంటి ఎముక విరిగింది.

అక్క పరిగెత్తుకెళ్ళింది. చెల్లెలు అడిగింది రెండే ప్రశ్నలు. నువ్వు వేసుకుని నడిచావా? నడిచాను. ఏమీ కాలేదని చెప్పావా? లేదు, నేను అలా చెప్పలేదు. చెల్లెలు దిండు కిందనుంచి కరపత్రం తీసి మంచం మీద పెట్టింది. అచ్చులో ఉంది. ఆ తర్వాత ఆరేళ్ళు మంచం మీదే బతికింది. ఆరేళ్ళలో అక్కతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరు పెట్టినా తినేది, అక్క పెడితే నోరు తెరిచేది కాదు. నాలుగు నెలల కిందట పోయింది, అలా మాట్లాడకుండానే.

సారుకి ఆమె మూడు ఉత్తరాలు రాసింది. అలసట లేదన్న మాట తనది కాదని, చెల్లెలికి చూపించడానికి ఒక్క వాక్యం రాసిమ్మంది. జవాబు లేదు. ఫ్యాక్టరీ కొన్నాళ్ళకి ఆ జోడు మానేసింది, ఎవరో పడ్డారని కాదు, మోజు పోయిందని. సారు రిటైరయ్యాడు. ఇవాళ పట్నంలో బూట్ల వర్తకుల సంఘం ఆయన్ని పిలిచింది. నడక గురించి, నిలకడ గురించి ఉపన్యాసం.

పెట్టెలో ఏముందని అడిగాను. ఊయల జోడే. పాత కోత మేస్త్రీ దగ్గర సారు కాలి కొలత ఉంటే, అదే అచ్చు మీద, అదే దిండుతో, అదే వంపుతో చేయించింది. ఒక్క మేకు ఎక్కువ లేదు, ఒక్క కుట్టు తక్కువ లేదు. ఆయన గీసింది గీసినట్టు. ఆయన ఏనాడూ తొడుక్కోనిది.

చంపుతావా ఏమిటి అన్నాను, సగం నవ్వులాటకి.

"చంపితే ఆయనకేం తెలుస్తుంది?" అంది. "చెవులకి చెప్పి చూశాను. ఇవాళ కాళ్ళకి చెప్తాను."

పట్నం చేరాక నేను నా దారిన పోవచ్చు. పోలేదు. ఊళ్ళు తిరిగేవాడికి ఉండే పాడు గుణం ఇదే, కథ చివర చూడందే కాలు కదలదు. ఆమె వెనకే వెళ్ళాను.

హాలు తోళ్ళ గిడ్డంగి మేడ మీద. అరవై మందిదాకా వర్తకులు బెంచీల మీద కూర్చునున్నారు. చెక్కల వేదిక, పక్కన మూడు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. వేదిక మధ్య సన్నటి స్టాండుకి మైకు, వెనక ఒక్క కుర్చీ. నడకమ్మ గుమ్మం దగ్గరున్న సంఘం మనిషికి పెట్టె ఇచ్చి, పాత పనివాళ్ళ తరఫున సారుకి కానుక, ఆయన పేరు నిలబెట్టిన జోడు, ఇవాళ వేసుకుని మాట్లాడితే మాకు పండగ అని ఎంతో వినయంగా చెప్పింది. తర్వాత నౌకరును పిలిచి, మా అన్నగారికి మోకాళ్ళ నొప్పి, బెంచీ మీద కూర్చోలేరు, వెన్ను ఆనే కుర్చీ కావాలి అంది. వాడు అటూ ఇటూ చూసి, వేదిక మీదున్న కుర్చీనే దించి తెచ్చి ముందు బెంచీ పక్కన నాకు వేశాడు. నేను థాంక్స్ చెప్పి కూర్చున్నాను. ఆ కుర్చీ ఎందుకు దిగిందో అర్థమయ్యేసరికి గంట గడిచింది. అర్థమయ్యాక లేచి వెనక్కి పంపించి ఉండాల్సింది. పంపించలేదు. అందులో నా వాటా నాకుంది.

వంపు సారు డెబ్భై దాటినవాడు, తెల్లటి క్రాపు, మంచి గొంతు. పెట్టె విప్పి జోడు చూసి మురిసిపోయాడు. అందరి ముందూ తన బూట్లు విడిచి అవి తొడుక్కున్నాడు. చప్పట్లు మోగాయి. ఉపన్యాసం బాగుందనే చెప్పాలి. పాదంలో ఇరవై ఆరు ఎముకలున్నాయన్నాడు, నిలబడటం అంటే పడకుండా ఎడతెగక సర్దుకోవడమేనన్నాడు. నలభై నిమిషాల్లో ముగించబోయాడు.

అప్పుడు ముందు బెంచీలోంచి నడకమ్మ లేచింది. సార్, ఈ జోడు ఎలా పుట్టిందో మాలాంటి వాళ్ళకి చెప్పండి అంది. ఆయన ముఖం వికసించింది. ఇరవై నిమిషాలు చెప్పాడు. ఆగగానే ఇంకో ప్రశ్న. దాని తర్వాత ఇంకోటి. ప్రతి ప్రశ్నా మెచ్చుకోలే. ఏ మనిషైనా జీవితమంతా ఎదురుచూసే ప్రశ్నలు. కాదని దిగిపోవడం ఎవరివల్ల అవుతుంది? గంటన్నర దాటాక ఆయన బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మార్చుకోవడం మొదలుపెట్టాడు. మైకు స్టాండు పట్టుకోబోతే అది ఊగింది. కుర్చీ కోసం వెనక్కి చూశాడు. లేదు. ప్యాంటు గుడ్డ పిక్కల దగ్గర సన్నగా అదురుతోంది. నడకమ్మ ఆయన ముఖం చూడటం లేదు. మోకాళ్ళ కిందే చూస్తూ, పెదవులు కదిలిస్తూ, నాకు మాత్రమే వినబడేలా చదువుతోంది: "బయటి పిక్క పోయింది... ఇప్పుడు చీలమండ పక్కది... ముందుది ఇంకా పట్టుకునే ఉంది... ఇంకో పావుగంట."

పావుగంటకి ఆయనే దండం పెట్టి చాలన్నాడు. చప్పట్లు కొట్టి జనం లేచారు. ఆయన వేదిక అంచుకొచ్చి మొదటి మెట్టు చూసి ఆగిపోయాడు. మెట్ల కింద నడకమ్మ నిలబడి ఉంది.

"చెయ్యి ఇవ్వమ్మా," అన్నాడు.

"కాళ్ళల్లో ఏమవుతోంది సార్?"

"ఏం లేదు. కాస్త తిమ్మిరి."

"తిమ్మిరి కాదు. సరిగ్గా చూసుకుని చెప్పండి."

ఆయన మెట్టు చూడబోయి ఆమె పాదాలు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా తల ఎత్తి, బహుశా మొదటిసారి, ఆమె ముఖం పరకాయించి చూశాడు.

"నువ్వా?"

"నేనే. చెప్పండి."

"పిక్కలకి పట్టు దొరకట్లేదు. ఊగాక... ఆలస్యంగా లాగుతున్నాయి."

"ఎంతసేపయింది తొడిగి?"

"రెండు గంటలు."

"మా చెల్లెలు పదకొండో గంటలో పడింది."

ఆయన చూపు తన కాళ్ళకున్న జోడు మీదికి దిగింది. ఉత్తరాలు చదివాడని అప్పుడు నాకు తెలిసిపోయింది. చదవనివాడు ఏ చెల్లెలు అని అడుగుతాడు.

"ఇది నేను మీకు ముందే చెప్పానా లేదా? అక్కడున్నవాళ్ళకి కూడా వినబడాలి."

గుమ్మం దగ్గర జనం ఆగిపోయారు. సంఘం మనిషి సారును పట్టుకోవడానికి వచ్చాడు గాని నడకమ్మ అతని వైపు తిరిగి చూసేసరికి మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

"చెప్పింది," అన్నాడు వంపు సారు, హాలు వైపు తిరిగి. మైకు లేకపోయినా గొంతు చివరి బెంచీ దాకా వెళ్ళింది. "ఈవిడ రోజంతా వేసుకుని చూసి, సాయంత్రానికి నిలబడలేకపోయానంది. అలసట లేదని రాసింది నేను."

ఆయన మళ్ళీ చెయ్యి చాచాడు. ఆమె తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"కూర్చుని దిగండి," అంది.

ఆయన ఆమె వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు. వేదిక అంచు మీద చతికిలబడ్డాడు. ఒక్కో మెట్టూ జారుతూ, చేతులు ఆనించుకుంటూ దిగాడు. చెక్కల దుమ్మంతా ప్యాంటుకి అంటుకుంది. మూడు మెట్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెప్పలేను. ఎవరో ఒకరు నవ్వినా బాగుండేది, ఎవరూ నవ్వలేదు. ఆమె ముఖంలో సంతోషం కోసం వెతికాను. కోపం ఇంకా అక్కడే ఉంది, రోడ్డు మీద ఎంత ఉందో అంతా.

నేను కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆయన ముందు కూర్చుని బూటు తాళ్ళు విప్పాను. నా అరచేతి కింద పిక్క తనంతట తాను ఎగిరెగిరి పడుతోంది. రెండో బూటు ముడి బిగిసిపోతే విప్పడానికి కాస్త సమయం పట్టింది. తల ఎత్తేసరికి ఆమె అక్కడ లేదు.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. కింద వీధిలో ఉంది. తోళ్ళు దించుతున్న లారీ అడ్డమొస్తే ఆగింది, అది జరిగాక రోడ్డు దాటింది. పైనుంచి గట్టిగా పిలిచాను. దారిన పోయేవాళ్ళు నలుగురు తలెత్తి చూశారు. ఆమె చూడలేదు. మూల మీదున్న మందుల దుకాణం దగ్గర కుడివైపుకి తిరిగి వెళ్ళిపోయింది.